స్లాటు ఖాళీగా ఉన్నంత మాత్రాన ఎస్‌ఎస్‌డీ పడుతుందా?

ప్రశ్న: మా తమ్ముడు 2013లో ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు కొన్న ల్యాప్‌టాప్ ఇప్పుడు నా దగ్గర ఉంది. మూడో తరం ఐ5 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. ట్యూషన్ పిల్లలకు ప్రశ్నపత్రాలు ‘అను’ తెలుగు ఫాంట్లలో టైపు చేయడానికి, పాఠాల వీడియోలు చూపించడానికి వాడుతున్నాను. ఆన్ చేసి, వంటింట్లోకి వెళ్లి టీ కాచుకుని వచ్చినా ఇంకా తిరుగుతూనే ఉంటుంది. ద్వారకా నగర్‌లో ఒక షాపులో చూపిస్తే “ఇందులో ఇంకేమీ వేయలేమమ్మా, కొత్తది తీసుకోండి” అన్నారు. ఇంటికొచ్చి అడుగు మూత తీసి చూస్తే వైఫై కార్డు పక్కన అలాంటిదే మరో స్లాటు ఖాళీగా కనిపించింది. ఎడమ పక్క అంచున ఒక ప్లాస్టిక్ బిళ్ల ఉంది, నొక్కితే బయటికి వస్తుంది. దాని వెనకాల సందును స్కేలుతో కొలిస్తే మూడున్నర సెంటీమీటర్లు వచ్చింది. ఈ రెండింటిలో దేనిలోనైనా ఎస్‌ఎస్‌డీ పెట్టవచ్చా? ర్యామ్ ఎంతవరకు పెంచవచ్చు?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: మీ ల్యాప్‌టాప్‌కు ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని డిస్కు, పడుతుంది. అయితే అది పట్టే చోటు మీరు అడిగిన రెండూ కావు, ఇప్పుడు హార్డ్ డిస్క్ కూర్చుని ఉన్న చోటే. ర్యామ్ కూడా పెరుగుతుంది. షాపువారి మాటను పూర్తిగా తప్పు పట్టలేను. ప్రాసెసర్, గ్రాఫిక్స్ విషయంలో వారు చెప్పింది నిజమే. కానీ మీ యంత్రం నెమ్మదించడానికి కారణం ప్రాసెసర్ కాదు, పన్నెండేళ్లు తిరిగిన హార్డ్ డిస్కూ చాలీచాలని ర్యామూ. ఈ రెండూ మార్చగలిగేవే. ముందుగా మీరు కనిపెట్టిన రెండు స్లాట్ల సంగతి చూద్దాం.

అంచున ఉన్న సందును మీరు కొలిచి రాయడం చాలా మంచిదైంది, ఎందుకంటే ఇలాంటి సందులను వెడల్పును బట్టే గుర్తుపడతాం. ఎస్‌డీ కార్డు వెడల్పు 24 మిల్లీమీటర్లు, ల్యాప్‌టాప్‌కు అదనపు సౌకర్యాలు జోడించే ఎక్స్‌ప్రెస్‌కార్డు మామూలుగా 34 మిల్లీమీటర్లు, అదే పనికి అంతకు ముందు కాలంలో వాడిన పీసీ కార్డు 54 మిల్లీమీటర్లు. పీసీ కార్డు నిడివీ వెడల్పూ సరిగ్గా ఏటీఎం కార్డు కొలతే కాబట్టి, స్కేలు లేనివారు ఏటీఎం కార్డు పొట్టి అంచును సందుకు ఆనించి చూస్తే సరిపోతుంది. లోపలికి మాత్రం దూర్చవద్దు. ఆఫీసుల కోసం తయారైన కొన్ని మోడళ్లలో స్మార్ట్ కార్డు రీడరు సందు కూడా పీసీ కార్డు సందంతే వెడల్పుగా ఉండి మోసం చేస్తుంది. మీ సందు మూడున్నర సెంటీమీటర్లంటే అది 34 మిల్లీమీటర్ల ఎక్స్‌ప్రెస్‌కార్డు స్లాటు. సెల్‌ఫోను టార్చి వేసి లోపలికి చూడండి. చివర పలచని ఒకే నాలుకలాంటి కనెక్టరు కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. పీసీ కార్డు స్లాటైతే అక్కడ రెండు వరుసల్లో 68 సన్నని సూదులు నిలబడి ఉంటాయి.

ఈ ఎక్స్‌ప్రెస్‌కార్డు 2003లో వచ్చింది. దాని 26 పిన్నుల్లో ఒక పీసీఐ ఎక్స్‌ప్రెస్ లేనూ (కార్డు మదర్‌బోర్డుతో నేరుగా మాట్లాడే వేగమైన దారి), ఒక యూఎస్‌బీ 2.0 దారీ ఉంటాయి. యూఎస్‌బీ 3.0 పోర్టులు లేని ల్యాప్‌టాప్‌కు వాటిని తగిలించుకోవడానికి ఒకప్పుడు ఇది ఎంతగానో పనికొచ్చింది. మూడో తరం ప్రాసెసర్ల చిప్‌సెట్లలో (పోర్టులను, డిస్కులను నడిపే చిప్పుల్లో) యూఎస్‌బీ 3.0 అప్పటికే చేరిపోయింది కాబట్టి, మీ ల్యాప్‌టాప్ పోర్టుల్లో ఒకటి రెండింటికి లోపలి నాలుక నీలం రంగులో ఉండే ఉంటుంది. కనుక ఈ స్లాటుతో మీకు ఒరిగేది ఏమీ లేదు. దీనిలో పెట్టే ఎస్‌ఎస్‌డీలు కొన్ని వచ్చిన మాట వాస్తవమే కానీ, వాటి మీద నుంచి విండోస్ బూట్ చేయించడం, అంటే మొదలుపెట్టించడం, దాదాపు అన్ని మోడళ్లలో కుదరదు.

అసలు జాగ్రత్తగా చూడవలసింది వైఫై పక్కనున్న రెండో స్లాటును. డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా ఇక్కడే. 2012, 2013 నాటి ల్యాప్‌టాప్‌లలో వైఫై కార్డు పక్కన 52 పిన్నులతో, మధ్యకు కాస్త ఇవతలగా ఒక గంటుతో కనిపించే స్లాటు మూడు రకాల్లో ఏదైనా కావచ్చు. ఒకటి, పూర్తిస్థాయి మినీ పీసీఐ ఎక్స్‌ప్రెస్. రెండు, 3జీ మోడెం కోసం యూఎస్‌బీ తీగలు మాత్రమే లాగి వదిలేసిన మినీ పీసీఐ ఎక్స్‌ప్రెస్. మూడు, ఎంసాటా, అంటే హార్డ్ డిస్కు మాట్లాడే సాటా భాషనే మాట్లాడే స్లాటు. మూడింటి రూపం ఒకటే, పిన్నుల లెక్క ఒకటే, కార్డు కొలత కూడా సుమారు 30 మిల్లీమీటర్ల వెడల్పు, 51 మిల్లీమీటర్ల పొడవు. తేడా అంతా మదర్‌బోర్డు లోపలి పొరల్లో, ఆ పిన్నులను చిప్‌సెట్ దాకా కలిపే తీగల్లో ఉంది. అది కంటికి కనిపించేది కాదు.

కొన్నేళ్ల కిందట నేను నా సొంత ల్యాప్‌టాప్‌లో ఇలాంటి ఖాళీ చోటే చూసి, మరో ఆలోచన లేకుండా ఎంసాటా డ్రైవు కొనేశాను. కొలత తీసి చేయించినట్టు కూర్చుంది, రెండు స్క్రూలూ చక్కగా పట్టాయి. బయోస్‌లో (విండోస్ కంటే ముందు నడిచి, యంత్రంలోని భాగాలను గుర్తించే ప్రోగ్రాములో) మాత్రం దాని ఊసే లేదు. డ్రైవే చెడిపోయిందనుకుని అమ్మినతనితో రెండు రోజులు వాదించాను. అతను నా కళ్లముందే మరో యంత్రంలో పెట్టి నడిపి చూపించాక ఇంటికొచ్చి మాన్యువల్ తెరిస్తే, నా మోడల్‌లో ఆ స్లాటు 3జీ మోడెంకే తప్ప డిస్కుకు కాదని స్పష్టంగా రాసి ఉంది. లోపం అతనిది కాదు, నాదే. డ్రైవుకు ఏ నష్టమూ జరగలేదు కానీ, అతనికి క్షమాపణ చెప్పడానికి మళ్లీ డాబా గార్డెన్స్ దాకా వెళ్లవలసి వచ్చింది.

కాబట్టి కొనడానికి ముందే తేల్చుకునే దారి చెబుతాను. మొదట స్లాటు చుట్టూ బోర్డు మీద తెల్లని సన్నటి అచ్చు అక్షరాల కోసం చూడండి. ఇంగ్లిషులో ‘డబ్ల్యూడబ్ల్యూఏఎన్’ అని ఉంటే అది మోడెం స్లాటు, ‘ఎంసాటా’ లేదా ‘ఎస్‌ఎస్‌డీ’ అని ఉంటే మీ పంట పండినట్టే. బ్యాటరీ తీస్తే కింద సిమ్ కార్డు పెట్టే చోటు కనిపించినా, స్లాటు పక్కన చివర్లకు తొడుగు వేసిన రెండు సన్నటి యాంటెన్నా తీగలు ఖాళీగా పడి ఉన్నా అది మోడెం కోసమేనని అనుకోవచ్చు. అలాగని ఎంసాటా పనిచేయదని మాత్రం తీర్మానించలేం, కొందరు తయారీదారులు ఒకే స్లాటుకు రెండు రకాల తీగలూ లాగారు. అందుకే ఈ ఆనవాళ్లను సూచనలుగా తీసుకోవాలి, తీర్పుగా కాదు.

తీర్పు ఇచ్చేది ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్ ఒక్కటే. లెనోవో దానిని హార్డ్‌వేర్ మెయింటెనెన్స్ మాన్యువల్ అంటుంది, హెచ్‌పీ మెయింటెనెన్స్ అండ్ సర్వీస్ గైడ్ అంటుంది. ఏ పేరుతో ఉన్నా కంపెనీ సపోర్టు పేజీలో ఉచితంగానే దొరుకుతుంది. దానిలో విడిభాగాల పట్టిక తెరిచి, మీ మోడల్ కింద ఎంసాటా డ్రైవుకు పార్టు నంబరు ఇచ్చారో లేదో చూడండి. కంపెనీయే ఆ మోడల్‌ను ఎంసాటాతో అమ్మి ఉంటే స్లాటుకు సాటా తీగలు ఉన్నట్టే. పట్టికలో మోడెం ఒక్కటే కనిపిస్తే ఆ ఆశ వదులుకోండి. ఆ రోజుల్లో కొన్ని మోడళ్లను పెద్ద హార్డ్ డిస్కుకు తోడుగా 24 లేదా 32 జీబీ చిన్న ఎంసాటాతో కలిపి అమ్మేవారు. మీది అలాంటి మోడల్‌కే తక్కువ ధర రూపమైతే స్లాటు పనిచేసే అవకాశం ఎక్కువ.

మాన్యువల్ వెతకడానికి మోడల్ పేరు పూర్తిగా కావాలి. మూత మీద మెరిసే పేరు కేవలం సిరీస్ పేరు. ఒకే సిరీస్‌లో పదుల కొద్దీ మోడళ్లు, వాటిలో వేర్వేరు మదర్‌బోర్డులు ఉంటాయి. అడుగునో బ్యాటరీ కిందో ఉన్న స్టిక్కరు మీద చివరి అంకెల దాకా రాసుకోండి. పన్నెండేళ్ల వేడికి, చేతి చెమటకు అక్షరాలు చెరిగిపోయి ఉంటే, స్టార్ట్ మెనూలో ‘ఎంఎస్ఇన్ఫో32’ అని ఇంగ్లిషులో కొట్టండి. సిస్టమ్ మోడల్ అన్న వరుసలో పూర్తి పేరు వస్తుంది. ఈ రెండు నిమిషాల పని చేయకుండా షాపుకు వెళితే, అక్కడివారు కూడా ఊహించి చెప్పడం తప్ప చేయగలిగింది తక్కువ.

ఇంత చెప్పాక మీకో మాట. ఆ స్లాటు ఎంసాటాయే అని తేలినా మీరు దానిని వాడనక్కర్లేదు. ఆ తరం ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ఎంసాటా స్లాటుకు సెకనుకు 3 గిగాబిట్ల సాటా దారి ఇచ్చి, హార్డ్ డిస్కు చోటుకు 6 గిగాబిట్ల దారి ఇచ్చారు. పైగా ఎంసాటా డ్రైవులు ఇప్పుడు అరుదు. మామూలు రెండున్నర అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ ఏ షాపులోనైనా దొరుకుతుంది, హార్డ్ డిస్కు తీసిన చోట అదే కనెక్టరుకు తగులుకుంటుంది. ఎస్‌ఎస్‌డీల మందం 7 మిల్లీమీటర్లు, పాత హార్డ్ డిస్కులు ఎక్కువగా 9.5 మిల్లీమీటర్లు. ఆ రెండున్నర మిల్లీమీటర్ల సందులో డ్రైవు కదలకుండా కొన్ని ఎస్‌ఎస్‌డీల పెట్టెలో ప్లాస్టిక్ చట్రం ఇస్తారు. మీ హార్డ్ డిస్కును పట్టి ఉంచే రేకు చట్రాన్ని విప్పి కొత్తదానికి బిగిస్తే అది కూడా అవసరపడకపోవచ్చు.

తేడా ఎంత ఉంటుందో చెప్పాలంటే, నిమిషానికి 5400 సార్లు తిరిగే హార్డ్ డిస్కు ఒకే పెద్ద ఫైలును వరుసగా చదివేటప్పుడు సెకనుకు సుమారు 100 ఎంబీ అందిస్తుంది. కానీ విండోస్ మొదలయ్యేటప్పుడు చదివేది వేల కొద్దీ చిన్న ఫైళ్లు. వాటి కోసం డిస్కు ముల్లు అటూ ఇటూ పరుగెత్తడంలోనే కాలం గడిచిపోయి, వేగం సెకనుకు ఒకటి రెండు ఎంబీలకు పడిపోతుంది. ఎస్‌ఎస్‌డీలో ముల్లే లేదు. అందుకే 3 గిగాబిట్ల దారిలో పెట్టినా, 6 గిగాబిట్ల దారిలో పెట్టినా మీరు గమనించే మార్పు దాదాపు ఒక్కటే. మీ టీ మరగక ముందే తెర సిద్ధంగా ఉంటుంది.

ఎస్‌ఎస్‌డీ సైజు ఎంచుకునేటప్పుడు ఒక చిక్కు ఉంది. మీరు విండోస్‌ను కొత్తగా వేయించుకోకుండా పాత డిస్కును ఉన్నదున్నట్టుగా క్లోన్ చేయించుకోవడం మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే అను సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలరూ దాని లైసెన్సు వివరాలూ ఇన్నేళ్ల తర్వాత మీ దగ్గర భద్రంగా ఉన్నాయో లేదో చెప్పలేం. క్లోన్ చేసేటప్పుడు క్లోనెజిల్లా వంటి ఉచిత ప్రోగ్రాములు కొత్త డ్రైవు పాతదానికంటే ఏమాత్రం చిన్నదైనా మొరాయిస్తాయి. 500 జీబీ డిస్కుకు బదులు 480 జీబీ ఎస్‌ఎస్‌డీ తెచ్చుకున్నవారు సరిగ్గా ఇక్కడే ఇరుక్కుంటారు. 500 గానీ 512 గానీ తీసుకుంటే ఆ బాధ ఉండదు. క్లోన్ మొదలుపెట్టే ముందు ప్రశ్నపత్రాల ఫోల్డరును ఒక పెన్‌డ్రైవులోకి విడిగా కాపీ చేసుకోండి. చివరి దశలో ఉన్న హార్డ్ డిస్కు, మొత్తం చదవమన్న రోజునే ప్రాణం విడవడం నేను ఒకటికి రెండుసార్లు చూశాను.

ఇక ర్యామ్. టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్, దానిలో మెమరీ నొక్కితే కింద ‘స్లాట్స్ యూజ్డ్’ అన్న చోట ‘2లో 1’ అన్న అర్థంలో కనిపిస్తుంది. మీ తరానికి సాధారణంగా రెండు స్లాట్లు, ఒక్కొక్కదానిలో 8 జీబీ వరకు, మొత్తం 16 జీబీ. అయితే అడుగు మూత కింద ఒకటే స్లాటు కనిపించిందని నిరాశపడవద్దు. కొన్ని మోడళ్లలో రెండోది కీబోర్డు కింద ఉంటుంది, మరికొన్నింటిలో ఒక వాటాను బోర్డుకే అతికించేసి ఒక్క స్లాటే ఇస్తారు. ఏది ఏమిటన్నది మళ్లీ మాన్యువలే చెబుతుంది. మీకు కావలసింది 204 పిన్నుల డీడీఆర్3 ల్యాప్‌టాప్ ర్యామ్. దాని మీద ‘పీసీ3-12800’ అనో, 1.35 వోల్టులతో నడిచే రకమైతే ‘పీసీ3ఎల్-12800’ అనో రాసి ఉంటుంది. మూడో తరం ల్యాప్‌టాప్‌లలో 1.5 వోల్టులదైనా, ఎల్ అక్షరం ఉన్నదైనా మామూలుగా పనిచేస్తుంది. నాలుగో తరం వారికి మాత్రం ఎల్ రకమే కావాలి. డీడీఆర్4 ర్యామ్‌కు 260 పిన్నులు, గంటు మరో చోట, కాబట్టి పొరపాటున తెచ్చినా దూరదు. దూరకపోతే బలం పెట్టకండి.

మీ పనికి మొత్తం 8 జీబీ చాలు. ఉన్న 4 జీబీకి మరో 4 జీబీ జోడిస్తే రెండు స్లాట్లూ జంటగా పనిచేస్తాయి, ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ కూడా ఇదే మెమరీని వాడుకుంటుంది కాబట్టి వీడియోలకు అది కొంత మేలు చేస్తుంది. డీడీఆర్3 ఇప్పుడు ఎక్కువగా సెకండ్ హ్యాండ్‌లోనే దొరుకుతుంది. అందులో తప్పేమీ లేదు, ర్యామ్ అరిగిపోయే వస్తువు కాదు. పాత ర్యామ్ ముక్కను విప్పి, కాగితంలో చుట్టి షాపుకు పట్టుకెళ్లి దానికి జత అడగండి. వారం రోజుల్లో తేడా వస్తే మార్చి ఇస్తామని బిల్లు మీద రాయించుకోండి. మరొక విషయం, మీ విండోస్ 32 బిట్ దైతే 4 జీబీకి మించి ఎంత పోసినా అది గుర్తించదు. ఎంఎస్ఇన్ఫో32 లోనే ‘సిస్టమ్ టైప్’ వరుసలో ‘ఎక్స్64’ అని ఉంటే నిశ్చింతగా కొనండి.

మిగిలినవి క్లుప్తంగా. ఆ తరంలో ప్రాసెసర్ పేరు చివర ‘ఎం’ ఉన్నవాటిలో కొన్ని సాకెట్‌లో కూర్చునే రకం, ‘యు’ ఉన్నవన్నీ బోర్డుకు అతికించినవే. మార్చగలిగినా మీకు లాభం లేదు, వేడి మాత్రం పెరుగుతుంది. గ్రాఫిక్స్ మాట మరచిపోండి. వైఫై కార్డు మార్చవచ్చు గానీ, కొందరు తయారీదారులు తాము అనుమతించిన కార్డు తప్ప మరొకటి పెడితే బూటే కాకుండా బయోస్‌లో అడ్డుకట్ట వేశారు. వైఫై నెమ్మదిగా ఉందనిపిస్తే యూఎస్‌బీ డాంగిల్ చాలు. డీవీడీ డ్రైవు తీసి ఆ చోట క్యాడీలో, అంటే డిస్కును పట్టి ఉంచే చట్రంలో, రెండో డిస్కు పెట్టుకోవచ్చు. కొనేముందు డీవీడీ డ్రైవు మందం 12.7 మిల్లీమీటర్లో 9.5 మిల్లీమీటర్లో కొలుచుకోవాలి.

విప్పే రోజున మన ఊరి గాలిని కూడా లెక్కలోకి తీసుకోండి. ఉత్తరాదిలో చలికాలపు పొడి గాలికి చేతినుంచి స్టాటిక్ కరెంటు చురుక్కుమని చిప్పులను కాల్చేస్తుందని భయపడతారు. విశాఖ ఉక్కపోతలో ఆ భయం తక్కువ, నుదుటి చెమట చుక్క బోర్డు మీద పడుతుందన్న భయం ఎక్కువ. ఫ్యాను కింద కూర్చుని, ముఖం తుడుచుకుని, ఒక ఇనుప కిటికీ చువ్వను తాకి మొదలుపెట్టండి. ఛార్జరు తీసి, బ్యాటరీ తీసి, ఆ తర్వాత పవర్ బటన్‌ను పదిహేను సెకన్లు నొక్కి పట్టుకోవాలి. స్క్రూలను ఏ చోటివి ఆ చోటే తెల్ల కాగితం మీద బొమ్మ గీసి పెట్టుకుంటే, చివర్లో ఒకటి మిగిలిపోయే దిగులు ఉండదు.

సముద్రపు ఉప్పు గాలి వల్ల ఇన్నేళ్లలో ర్యామ్ బంగారు పిన్నులు మాసిపోయి, పక్కనున్న రాగి భాగాలకు పచ్చని చిలుము పట్టి ఉండవచ్చు. పెద వాల్తేరు, లాసన్స్ బే వైపు ఇళ్ల నుంచి వచ్చిన యంత్రాల్లో ఇది నేను తరచుగా చూశాను. మీ గాజువాక వైపు చిలుము కంటే ఫ్యాను రెక్కల్లో నల్లటి దుమ్ము ఎక్కువ. పిన్నులను తెల్లని మెత్తటి పెన్సిల్ రబ్బరుతో ఒకే దిశలో నాలుగుసార్లు రుద్ది, రబ్బరు పొట్టును మెత్తని బ్రష్షుతో దులపండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దొరికితే దూదిపుల్లతో అద్ది తుడిస్తే ఇంకా మేలు. ర్యామ్‌ను కాస్త ఏటవాలుగా లోపలికి పూర్తిగా నెట్టి, తర్వాత కిందికి వంచితే రెండు పక్కల క్లిప్పులు టక్కుమంటాయి. ఆ చప్పుడు రాకుండా స్విచ్ వేయవద్దు. ఎలాగూ మూత తెరిచారు కనుక ఫ్యాను దుమ్ము కూడా తీయించేయండి.

క్రమం విషయానికి వస్తే, డబ్బు ఒకేసారి కుదరకపోతే ముందు ఎస్‌ఎస్‌డీ వేయించండి, ర్యామ్ వచ్చే నెల చూసుకోవచ్చు. బ్యాటరీ మీద ఖర్చు పెట్టే ముందు ఎలాగూ ఛార్జరు తగిలించే వాడుతున్నారా అని మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోండి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ముగిశాయి, మూడో తరం ప్రాసెసర్‌ను విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లైనెక్స్ మింట్ ఈ యంత్రం మీద హాయిగా నడుస్తుంది కానీ, అను విండోస్ ప్రోగ్రాము కావడం వల్ల మీరు పూర్తిగా అటు మారలేరు. కనుక ప్రశ్నపత్రాలు ఈ ల్యాప్‌టాప్‌లో టైపు చేసుకుంటూ, బ్యాంకు పనులు మాత్రం దీనిలో చేయకుండా ఉండటం నేను సూచించే మధ్యేమార్గం.

పాత హార్డ్ డిస్కును ఒక నెలపాటు ఏమీ చెరపకుండా అలాగే దాచండి. ఆ వైఫై పక్కనున్న ఖాళీ స్లాటును ఖాళీగానే వదిలేయండి. ఎడమ అంచున తీసిన ప్లాస్టిక్ బిళ్లను మాత్రం మరచిపోకుండా తిరిగి పెట్టండి. ఆ సందు తెరిచి ఉంచితే ఎక్స్‌ప్రెస్‌కార్డు కంటే ముందు అందులోకి చేరేవి చీమలు.